పన్ను దగ్గర మొదలైన కథ

గాలి లేని చోట చప్పుడు పుట్టదు. బడిలో చదువుకున్న పాఠమే. గంటను గాజు జాడీలో పెట్టి లోపలి గాలంతా లాగేస్తే, గంట కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది, వినిపించదు. అయినా 1977లో జార్జ్ లూకస్ తీసిన 'స్టార్ వార్స్'లో అంతరిక్ష నౌకలు రయ్యిమని దూసుకుపోతాయి, పేలినప్పుడు హాల్లో కుర్చీలు అదురుతాయి. ఆ పాఠం చెప్పిన సైన్సు మాస్టారిని తీసుకెళ్లి కూర్చోబెట్టినా సౌండు తీసేయమని అడగడు. యుద్ధమన్నాక మోత ఉండాల్సిందే.

మోత గురించిన ఈ పంచాయితీ మా ఇంటివాళ్ల మధ్య మేడారం జాతరలో లేచింది. 2024 ఫిబ్రవరి, గురువారం మధ్యాహ్నం. ముందురోజు రాత్రికే కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్ద రాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెల మీదికి చేరారు. సాయంత్రానికి చిలకలగుట్ట నుంచి సమ్మక్క రావాలి. అప్పటిదాకా చేసే పనేమీ లేదు. గుడారం బయట అక్క బెల్లం ముద్దలు సంచిలోకి సర్దుతోంది. జాతరలో వాటిని బెల్లం అనరు, బంగారం అంటారు. జంపన్న వాగు వైపు నుంచి డప్పులు, శివసత్తుల కేకలు, తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే మైకు, అన్నీ కలిసి ఒకటే హోరు. కోటి మంది వస్తారని లెక్కగట్టే చోట ఫోను చేతిలో ఉన్నా సిగ్నల్ ఉండదు. వాదన అంతసేపు సాగిందంటే అందుకే. సిగ్నలే ఉంటే రెండు నిమిషాల్లో ఎవడో ఒకడు తెర చూపించి నోరు మూయించేవాడు.

అక్క కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, వాడికి స్టార్ వార్స్ పిచ్చి. తమ్ముడి కూతురు హనుమకొండలో ఫిజిక్స్ చదువుతోంది, ఆ పిల్ల 'స్టార్ ట్రెక్' పక్షం.

"నీది సైన్స్ ఫిక్షనే కాదు బావా. కత్తులు, రాజకుమార్తె, మంత్రాలు. ఉత్త జానపదం."

"జానపదమైతే ఏంది? పాతాళభైరవి నువ్ జూడలేదా?"

నన్నడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పుకున్నారు. పల్లెలో పెరిగిన అనాథ కుర్రాడు, అడవిలాంటి ఎడారిలో ఒంటరిగా ఉండే ముసలి గురువు, శత్రువు చెరలో రాజకుమారి, నల్లని ముసుగు వేసుకున్న మాంత్రికుడు, చివర్లో బయటపడే పుట్టుక రహస్యం. కె.వి.రెడ్డి, విఠలాచార్యల సినిమాలు చూసి పెరిగినవాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. లూకస్ మన సినిమాలు చూడలేదు గానీ జపాను దర్శకుడు కురొసావా 1958లో తీసిన 'ది హిడెన్ ఫోర్ట్రెస్' చూశాడు, పురాణకథల మూసల గురించి జోసెఫ్ క్యాంబెల్ రాసిన పుస్తకం చదివాడు. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఆయన తెలిసే జానపదం తీశాడు, గుర్రాల చోట నౌకలు పెట్టాడు.

మరి స్టార్ ట్రెక్? 1966 సెప్టెంబరు 8న అమెరికా టీవీలో మొదలైన ఆ సీరియల్‌ను జీన్ రాడెన్‌బెరీ చానెలు వాళ్లకు అమ్మిందే, గుర్రబ్బండ్ల బిడారు నక్షత్రాల మధ్య తిరిగినట్టు ఉంటుందని చెప్పి. అప్పట్లో గుర్రబ్బండ్ల మీద పడమటికి వలసపోయే జనం కథతో ఒక సీరియల్ బాగా నడుస్తుండేది. పుట్టుక చూస్తే ఇదీ బండ్ల కథే. మనిషిని ఒకచోట మాయం చేసి మరోచోట తేల్చే యంత్రం ఆ సీరియల్‌కు పెద్ద గుర్తు. అది ఏ శాస్త్రజ్ఞుడి ఆలోచనా కాదు. ప్రతి వారం నౌక గ్రహం మీద దిగుతున్నట్టు తీయాలంటే డబ్బు చాలదు, కాబట్టి మనుషుల్నే మెరుపులా దించేశారు. అణువుల స్థాయిలో మనిషిని విడదీసి పంపడానికి, కణం చోటూ వేగమూ రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే హైజెన్‌బర్గ్ సూత్రం అడ్డొస్తుంది కదా అని ఎవరో అంటే, తర్వాతి సీరియళ్లలో ఆ యంత్రానికి 'హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్' అనే పరికరం తగిలించారు. అదెలా పనిచేస్తుందని విలేకరి అడిగితే ఆ సీరియల్ కళాకారుడు మైకేల్ ఒకుడా, బాగానే పనిచేస్తోంది, థాంక్స్ అన్నాడట. మంత్రం అనే మాట వాడలేదు, అంతే తేడా.

ఈ సరిహద్దు తగాదా స్టార్ ట్రెక్ కంటే చాలా పాతది. జూల్ వెర్న్ 1865 నాటి నవలలో మనుషుల్ని పెద్ద ఫిరంగిలో కూరి చంద్రుడి మీదికి కాల్చాడు. హెచ్.జి.వెల్స్ 1901లో భూమి ఆకర్షణను ఆపేసే ఒక లోహాన్ని కనిపెట్టినట్టు రాసి, దానితో తన మనుషుల్ని పంపాడు. వెర్న్‌కు ఒళ్లు మండింది. నేను భౌతికశాస్త్రం వాడాను, ఈయన లోహాన్ని కల్పించాడు, ఏదీ ఆ లోహం చూపించమనండి అన్నది ఆయన ఫిర్యాదు. తమాషా ఏమిటంటే వెర్న్ ఫిరంగిలో కూర్చున్నవాళ్లు పేలిన క్షణంలోనే ఆ కుదుపుకు నుజ్జయిపోతారు. లెక్క వేసినవాడి మనుషులు చచ్చేవాళ్లు, లెక్క వేయనివాడి మనుషులు క్షేమంగా చేరేవాళ్లు. సైన్సు పాలు ఎంతుందో తూచి సైన్స్ ఫిక్షన్‌కు గిరి గీయాలని చూస్తే ఇట్లాంటి చిక్కులే వస్తాయి.

పార్సెక్కు సంగతీ ఇలాంటిదే. మొదటి స్టార్ వార్స్‌లో హాన్ సోలో తన నౌక వేగం గురించి గొప్ప చెప్పుకుంటూ, ఫలానా దారిని 12 పార్సెక్కుల లోపే ముగించానంటాడు. పార్సెక్కంటే దూరం, దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. వరంగల్ నుంచి మేడారానికి ఎంతసేపట్లో వచ్చావంటే వంద కిలోమీటర్లలో వచ్చానన్నట్టు. మా తమ్ముడి కూతురు ఈ ముక్క ఎత్తగానే వాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 2018లో వచ్చిన 'సోలో' సినిమాలో, ప్రమాదకరమైన అడ్డదారిన పోయి దూరమే తగ్గించాడని చూపించారట. 41 ఏళ్ల తర్వాత నోరుజారిన మాటకు ఒక సినిమా కట్టారు. ఆ భక్తికి దండం పెట్టాలి. కానీ నాకు అక్కడే అనుమానం పుట్టింది. ఆ తప్పును ఎవరు దిద్దమన్నారు? హాన్ సోలో కోతలరాయుడు. కోతలరాయుడికి కొలతలతో పనేంటి?

దిద్దడం ఎంత దూరం పోతుందో 1999లోనే తేలింది. ఆ ఏడు వచ్చిన 'ది ఫాంటమ్ మెనేస్'లో 'ఫోర్స్' అనే శక్తికి శాస్త్రీయ కారణం చెప్పారు. అంతకుముందు మూడు సినిమాల్లో అది విశ్వమంతా నిండిన ఒక బలం, నమ్మినవాడికి, సాధన చేసినవాడికి అందేది. అంతకుమించి ఎవరూ అడగలేదు. ఈ సినిమాలో ఒక గురువు చిన్న పిల్లవాడి రక్తం తీసి పరీక్ష చేయిస్తాడు. రక్తంలో మిడిక్లోరియన్లనే సూక్ష్మజీవులు ఉంటాయట, వాటి లెక్క ఎంత ఎక్కువైతే ఫోర్స్ అంత. పిల్లవాడి లెక్క 20,000 దాటింది. అభిమానులు లబోదిబోమన్నారు. ఇరవై ఏళ్లుగా గుండెల్లో పెట్టుకున్నదాన్ని డయాగ్నస్టిక్ సెంటరు రిపోర్టు చేసి చేతిలో పెడితే అనరా మరి.

మేడారం ఉన్న జిల్లాలోనే ఇంకోచోట దీనికి సరిగ్గా ఎదురుగా జరుగుతుంది. మేడారం వచ్చేవాళ్లు చాలామంది దారిలో పాలంపేట రామప్ప గుడి దగ్గర ఆగుతారు. గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. తేలుతుందని వినగానే నోరు తెరుస్తాం. లోపలంతా సన్నటి రంధ్రాలుండేలా చేసి కాల్చారని, అందుకే నీటి కంటే తేలికైందని, మెత్తటి నేల మీద ఇసుక పునాదితో నిలబెట్టిన గుడికి పైబరువు తగ్గించడానికే ఈ ఏర్పాటని తెలిశాక తెరిచిన నోరు మూతపడదు సరిగదా, ఇంకా తెరుచుకుంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈ లెక్క వేసిన మనిషెవరో అనిపిస్తుంది. కొన్ని వింతలు కారణం చెబితే పెరుగుతాయి. కొన్ని కారణం చెబితే వాడిపోతాయి. సైన్స్ ఫిక్షన్‌కు గిరి ఎక్కడుందంటే ఇదిగో ఇక్కడుందని నా ఉద్దేశం. నౌక ఎలా ఎగురుతుందన్నది సరిగ్గా చెప్పారా లేదా అన్నది కాదు, 'ఎలా' అని అడిగితే కథ కళ్లు మెరుస్తాయా, ముఖం మాడ్చుకుంటుందా అన్నది చూడాలి. స్టార్ ట్రెక్‌లో ప్రతి వారం ఎవడో ఒకడు ఏదో ఒక వింత ముందు నిలబడి, ఇదేమిటో తెలుసుకుందాం అంటాడు. చెప్పే కారణం కల్పితమే అయినా అడగడం నిజం. స్టార్ వార్స్‌లో పరీక్ష ఘడియ వచ్చినప్పుడు కుర్రాడు గురిచూసే యంత్రాన్ని పక్కకు నెట్టేస్తాడు. అక్కడ నమ్మకమే గురి.

అందుకే రెండింటినీ ఒకే తాసులో వేయడం నాకు నచ్చదు. ఎవరిది గొప్ప అన్న ప్రశ్నకు మేనల్లుడూ తమ్ముడి కూతురూ నా నోట తీర్పు రప్పించాలని చూశారు గానీ నేను దొరకలేదు. ఇష్టమంటారా, నాకు స్టార్ ట్రెక్ మీదే, అది వేరే విషయం.

స్టార్ వార్స్ విడుదలైన 1977లోనే, సెప్టెంబరు 5న, నిజం అంతరిక్ష నౌక వాయేజర్-1 బయల్దేరింది. సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల చొప్పున పోతూనే ఉంది. భూమికి 2,400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. అక్కడికి వెలుగు చేరాలన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. అయినా పక్క నక్షత్రమంత దూరం పోవాలంటే ఇంకా డెబ్బై వేల ఏళ్లకు పైనే కావాలి. ఇదీ అసలు లెక్క. కథలు రాసేవాళ్లు వార్ప్ డ్రైవో, హైపర్‌డ్రైవో ఏదో ఒకటి కల్పించక తప్పదు, లేకపోతే మొదటి అధ్యాయంలో బయల్దేరినవాడి మునిమనవళ్లకు కూడా రెండో అధ్యాయం అందదు. ఆ నౌకలో భూమి మీది 55 భాషల పలకరింపులతో బంగారు పూత పూసిన రికార్డు ఉంది, అందులో తెలుగూ ఉంది. 1979లో వచ్చిన మొదటి స్టార్ ట్రెక్ సినిమాలో వాయేజర్-6 అనే కల్పిత నౌక పెద్ద తెలివి సంపాదించుకుని, తనను చేసినవాడు ఎవడని వెతుక్కుంటూ భూమికి తిరిగొస్తుంది. దాంట్లోనూ ఆ రికార్డే ఉంటే దానికి తెలుగు వచ్చి ఉండాలి. తెలుగులో పలకరించే బుద్ధి ఆ సినిమాలో ఎవరికీ పుట్టలేదు.

మన సంగతికొస్తే, గిరి దాటడం మనవాళ్లకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు. విశ్వనాథ సత్యనారాయణ 'హాహా హూహూ'లో గుర్రం తల గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు, అక్కడి శాస్త్రజ్ఞులు తలలు పట్టుకుంటారు. గ్రహాంతరవాసి కథలన్నీ ఇదే మూస. వచ్చినవాడు పురాణంలోంచి వచ్చాడు, అంతే. అక్కడ ఇంగ్లీషు సైన్సు గంధర్వుడిని పరీక్షిస్తున్నట్టు కనబడుతుంది, నిజానికి గంధర్వుడే వాళ్లను పరీక్షిస్తుంటాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో వెల్స్ కాలయంత్రాన్ని తెచ్చి కృష్ణదేవరాయల కొలువులో దింపారు, తర్వాత 2504లోకి తోలారు. 2018లో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం' తీస్తే, అది నిజంగానే అంతరిక్షంలో నడిచే సినిమా, జనం పెద్దగా పట్టించుకోలేదు. 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామను తెచ్చి యంత్రాల మధ్య నిలబెడితే హాళ్లు ఊగిపోయాయి. ఆ సినిమాలో నాకు బాగా నచ్చిందేమిటంటే అశ్వత్థామ అన్నేళ్లు ఎలా బతికాడో చెప్పలేదు. శాపం అన్నారు, ఊరుకున్నారు. జన్యువు, కణం అని ఎత్తుకుని ఉంటే అదీ మిడిక్లోరియన్ల దారే పట్టేది. పుష్పకవిమానానికి ఇంజను బొమ్మలు గీసి వాట్సాప్‌లో తిప్పేవాళ్లు చేసేదీ ఈ పనే. పురాణానికి గౌరవం తెస్తున్నామనుకుని దాని రక్తం తీసి పరీక్షకు పంపుతారు.

మేడారంలో ఇట్లాంటి పరీక్షలు ఎవరూ అడగరు. గద్దెల మీద విగ్రహాలుండవు. కోయ పూజారులు గుట్ట మీంచి కుంకుమ భరిణెగా సమ్మక్కను తెస్తారు, జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతాడు, ఆ క్షణంలో లక్షల గొంతులు ఒక్కటవుతాయి. కథ అందరికీ తెలిసిందే. పులుల మధ్య ఆడుకుంటున్న పసిపిల్ల కోయదొరలకు దొరికింది. పెరిగి పగిడిద్ద రాజును పెళ్లాడింది. కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సేన వచ్చింది. భర్త, కూతురు, అల్లుడు పోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిస్తే ఆ వాగు పేరే మారింది. గాయాలతో చిలకలగుట్ట వైపు నడిచిన సమ్మక్క కనిపించకుండా పోయింది. వెతుకుతూ పోయినవాళ్లకు పుట్ట దగ్గర భరిణె దొరికింది. మొదటి స్టార్ వార్స్‌లో ముసలి గురువు ఒబీ వాన్ మీద కత్తి పడగానే మనిషి మాయమై నేల మీద అంగీ మాత్రం మిగులుతుంది. ఆ సీను గురించి మేనల్లుడు ఏదో అనబోయి, చుట్టూ చూసి ఆగాడు. ఆగడమే మంచిదైంది. వాడికి అది కథ, పక్క గుడారంలో ఒడిబియ్యం కట్టుకుంటున్న ఆమెకు ఇది కథ కాదు.

ఈ కథ అందరూ ఒక్క తీరుగా చెప్పరు. పోలవాస మేడరాజు దగ్గర పెరిగిందని కొందరంటారు, కొందరు ఆ పేరే ఎత్తరు. కోయ డోలీ కళాకారులు తమ పూర్వుల కథలు పాడుతుంటే అచ్చు పుస్తకాల్లో లేని పేర్లు వినిపిస్తాయి. అట్లా పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఏది అసలుదని తేల్చే ఆఫీసు లేదు. స్టార్ వార్స్‌కు ఉంది. 2012లో డిస్నీ ఆ సినిమాలు తీసే కంపెనీని దాదాపు 400 కోట్ల డాలర్లకు కొన్నది, 2014లో అంతకుముందు అచ్చయిన వందలాది నవలలు, బొమ్మల పుస్తకాలు ఇక నిజం కథలో భాగం కావని, వాటిని ఐతిహ్యాలుగా చదువుకోండని ప్రకటించింది. ముప్పై ఏళ్లు ఆ పుస్తకాలు చదివి పెరిగినవాళ్ల మీద ఒక్క రోజులో కొట్టివేత ఉత్తర్వు పడ్డట్టయింది. కథకు యజమాని ఉంటే ఇదీ వరస. జాతరను 1996లో రాష్ట్ర పండుగ చేశారు, రోడ్లూ మైకులూ వచ్చాయి, కథ మీద మాత్రం ఇంకా ఎవరికీ పట్టా లేదు.

ఇదంతా వింటూ బెల్లం సర్దుతున్న మా అక్క, మధ్యలో ఒక్కసారి నోరు విప్పింది. "గా సిన్మాల్ల లడాయి దేనికైతదిరా?"

మేనల్లుడు చెప్పాడు. 1999 సినిమా మొదట్లో తెర మీద పాకే అక్షరాల్లోనే ఉంటుంది, వర్తక మార్గాల మీద పన్నుల విషయంలో తగువని. చెప్పి వాడే నవ్వాడు, ఎందుకంటే ప్రపంచమంతా ఆ సినిమాను చూసి నవ్వింది దీనికే. పన్నుల గురించి సినిమా ఏంటని.

అక్క నవ్వలేదు. "మరి ఈడ గూడ పన్ను కాడనే గదరా మొదలైంది."

నాకు ఆ సినిమా మీద ఉన్న అభిప్రాయం ఆ మాటతో కొంత మారింది. రక్తంలో పురుగుల లెక్క దండగే, కానీ పన్నుతో మొదలుపెట్టడం దండగ కాదు. సామ్రాజ్యాలు మంత్రదండంతో పుట్టవు, పన్నుతో పుడతాయి, పన్ను కట్టలేని ఏడు బయటపడతాయి. కల్కిలో కూడా నీళ్లన్నీ పీల్చేసుకున్న కాంప్లెక్స్‌లో అడుగు పెట్టాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. నాగ్ అశ్విన్‌కు ఆ సంగతి తట్టింది, తర్వాత పోరాటాల హడావిడిలో దాన్ని వదిలేశాడు.

మేడారం కథకు దగ్గరగా వచ్చేది నా లెక్కలో స్టార్ వార్స్, స్టార్ ట్రెక్ రెండూ కాదు. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1972లో రాసిన ఒక చిన్న నవల ఉంది, 'ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్' దాని పేరు. వేరే గ్రహం మీద అడవి మనుషులు, కలప కోసం ఆ అడవిని నరకడానికి భూమి నుంచి వచ్చిన దొరలు, చివరికి తిరగబాటు. ఆమె తండ్రి క్రోబర్ మానవశాస్త్రజ్ఞుడు, అమెరికా ఆదివాసుల దగ్గర ఏళ్లు గడిపినవాడు. ఆ నవలలో అడవి జనానికి నాయకుడు అడవివాడే. మేనల్లుడు వెంటనే 'అవతార్' గుర్తుచేశాడు. 2009 నాటి ఆ సినిమాలో అడవిని కాపాడేది బయటి నుంచి వచ్చి వాళ్లలో కలిసిన సైనికుడు. సమ్మక్క కథలో బయటి నుంచి వచ్చి కాపాడినవాడు ఎవడూ లేడు. ఓడిపోయారు, అయినా జాతర వాళ్ల పేరనే జరుగుతోంది. ప్రతాపరుద్రుడికి జాతర లేదు.

తెలుగులో అంతరిక్ష కథలు రాస్తున్న కుర్రవాళ్లలో ఎవరికైనా ఇట్లాంటిది రాయాలనిపిస్తే నాకు ఒక్క కోరిక ఉంది. నౌక ఎంత వేగంతో పోతుందో, ఏ ఇంధనంతో పోతుందో, కత్తులు మెరుస్తాయో లేదో వాళ్ల ఇష్టం. పేలినప్పుడు చప్పుడు పెట్టుకున్నా సరే. ఆ గ్రహం మీద వానలు ఏ ఏడు ఆగిపోయాయి, పన్ను ఎవరు ఎవరికి కట్టాలి, కట్టలేమని మొదట అన్నదెవరు, ఈ మూడూ మొదటి పేజీలోనే తేల్చాలి.